టవలు కింద హార్డ్ లక్

“...లక్కా!” అన్నాడు చరణ్.

“ఎవురప్పా నీకు అక్క?” అనింది మునీశ్వరి.

పందొమ్మిది వందల తొంభై ఏడు. మదనపల్లె బస్టాండు వెనక రేకుల షెడ్డులో యువజన క్లబ్బు. క్యారమ్స్ ఆటలో రెడ్డు వేసి కూడా, దాని వెంట తెల్లకాయ పడక ఓడిపోయిన కొత్తమ్మాయిని ఓదార్చబోయాడు చరణ్. నోటినిండా వక్కపొడి. హార్డు గుటకలోకి జారిపోయి, లక్కు మాత్రం అక్కై బయటికొచ్చింది.

చరణ్‌ది కుప్పం. మదనపల్లెలో డిగ్రీ. క్రికెట్ కామెంటరీ వినీ వినీ అదే మాతృభాష అయిపోయింది. బస్సు తప్పిపోతే “హార్డ్ లక్”. కాఫీ బాగుంటే “వెల్ ప్లేడ్”. మార్కెట్ యార్డులో టమోటా ధర పడిపోయి తల పట్టుకుని కూర్చున్న రైతుతో “బెటర్ లక్ నెక్స్ట్ టైమ్” అనేసి, ఆయన విసిరిన గంప నుంచి వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు. టైము బాగుండి!

అన్నిటికీ మాటలున్న ఈ మాటలపుట్టకి, మునీశ్వరితో అనాల్సిన మాట ఒక్కటే దొరకలేదు. ఊరిపేరులో మదనుడున్నాడు, గుండెలో మథనముంది, నోట్లో మాత్రం వక్కపొడి ఉంది.

పైగా మునీశ్వరి ఆ వారమే పుంగనూరు పోయి ఇంట్లో చెప్పేసింది: “క్లబ్బులో ఒక పిల్లోడు ఆట నేర్పిస్తాండాడు నాయనా. నన్ను అక్కా అంటాడు.”

వాళ్ళ నాయన నల్లప్ప పశువుల సంతలో పేరుమోసిన దళారి. “అక్కా అనే పిల్లోడయితే దిగుల్లేదు. ఆడుకో పో,” అన్నాడు.

చిక్కంతా ఆడుంది. అక్క అయితేనే ఆట. కాదంటే ఆ పిల్ల క్లబ్బుకే రాదు. చరణ్ నోరు మూసుకున్నాడు. అంటే, ఆ ఒక్క విషయంలో.

చివరికి టోర్నమెంటు ఫైనలుకి వాళ్ళిద్దరే మిగిలారు. పరీక్షలయిపోతే మునీశ్వరి పుంగనూరుకి వెళ్ళిపోతుంది. అక్కడ ఆమెకి సంబంధాలు చూస్తున్నారు. చెప్పాలంటే ఈపొద్దే చెప్పాలి. కూతురి ఆట చూడ్డానికి నల్లప్ప, ఆయన తల్లి బయ్యమ్మ బస్సెక్కి వచ్చి, గుమ్మం పక్క బెంచీ మీద కూర్చున్నారు.

సరిగ్గా అప్పుడే వాన. వానంటే వాన కాదు, రేకుల మీద దరువు. షెడ్డు కారి, టపీమని బోర్డు మధ్యలో ఒక చుక్క పడింది.

“అయ్యో, బోర్డు!” అంటూ మునీశ్వరి చరణ్ భుజం మీది టవలు లాగి బోర్డుమీద కప్పింది. గుడ్డ తగిలి కాయలు కదలకుండా ఇద్దరూ కింద చేతులు పెట్టి ఎత్తి పట్టుకున్నారు. తలలు దగ్గరయ్యాయి.

“మునీశ్వరీ, ఐ గివప్.”

“యాల? గెలస్తాండావు గదా?”

“ఆటలో కాదు. నేను నిన్ను అక్కా అనలేదు. హార్డ్ లక్ అన్న్యా. నోట్లో వక్కపొడి ఉండె.”

“ఇన్ని దినాలు యాల చెప్పలా?”

“చెప్తే మీ నాయన ఆట మాన్పిస్తాడని. ఈపొద్దు చెప్పకుంటే బతుకంతా తమ్ముడైపోతానని.”

మునీశ్వరి నవ్వు ఆపుకుంది. టవలు కింద ఆమె వేళ్ళు అతని వేళ్ళని ఒక్కొక్కటే తడిమి, అన్నిటినీ గుప్పిట్లో బిగించి, ఒక్క కుదుపు కుదిపాయి.

“గుడ్ గేమ్,” అన్నాడు చరణ్, షేక్‌హ్యాండ్ అనుకుని. పిచ్చోడు!

గుమ్మం దగ్గర నల్లప్ప దిగ్గున లేచాడు.

సంతలో పశువు ధర నోటితో చెప్పరు. కొనేవాడూ అమ్మేవాడూ టవలు కింద చేతులు పెట్టి వేళ్ళతో మాట్లాడుకుంటారు. గుప్పిట బిగించి కుదిపితే బేరం తెగినట్టే. ఇక వెనక్కి పోవడం లేదు. చెయ్యి కనపడదు గానీ, మోచెయ్యి కనపడుతుంది. నల్లప్ప జీవితమంతా చదివింది మోచేతులే.

“మునీ! ఏం చేసినావు మే?”

“బేరం నాయనా.”

“అక్కా అనే పిల్లోడితోనా!”

షెడ్డంతా గొల్లుమంది. బయ్యమ్మ నోటి మీద చెయ్యేసుకుంది. చరణ్ మాత్రం దేనికి ఒప్పుకున్నాడో తెలీక టవలుని ఇంకా ఎత్తి పట్టుకునే ఉన్నాడు.

“అమ్మినావా, కొన్న్యావా?” అన్నాడు నల్లప్ప.

“కొన్న్యా.”

“పళ్ళు సూసినావా?”

“దినామూ సూస్తాండా. ఆ నోరు మూస్తే గదా!”

నల్లప్ప మీసం కింద ఏదో కదిలింది. చరణ్ వైపు తిరిగాడు. “యా ఊరప్పా?”

“కుప్పం, మామా...”

“మామ తర్వాత. ఎవురి కొడుకువి?”

“పట్టుగూళ్ళ చెంగల్రాయుడు కొడుకుని.”

“ఓహో, చెంగల్రాయుడా! మనోడే.” నల్లప్ప పెద్దగా నిట్టూర్చాడు. “గుడ్డ కింద తెగిన బేరం నేనే ఎగ్గొడితే, రేపు సంతలో నాకెవుడూ చెయ్యియ్యడు. డిగ్రీలు కానీండి. ముందు మీ నాయన్ని పిలుసుకోని రా.”

బేరానికి చెయ్యివ్వకుండా ఉండటానికి కూతురి చెయ్యి పట్టుకోనిచ్చిన తండ్రి ఆ జిల్లాలో ఆయనొక్కడే.

“అయితే అక్కా అనిందెవురురా?” అని వెనక వరసలోంచి కేక. చరణ్ తన చెవిలో ఊదింది విని, క్లబ్బు పెద్ద వరదరాజులు మైకు అందుకున్నాడు.

“సభకు విజ్ఞప్తి. ఎవురూ ఎవుర్నీ అక్కా అనలేదు. హార్డ్ లక్ అనేది ఇంగ్లీషు మాట. బాగా ఆడి ఓడిపోయినోళ్ళని ఓదార్చేదానికి అంటారు. వక్కపొడి నమిల్తే అక్క అయితాది. ఇంక అందరూ కూసోండి!”

బయ్యమ్మకి అంతా అర్థమయింది, ఒక్కటి తప్ప. “ఓడిపోతే అదంటారు, సరే. గెలిస్తే ఏమంటారు నాయనా?”

అందరూ చరణ్ వైపు చూశారు. వాడు నోరు తెరిచాడు. మునీశ్వరిని చూశాడు. ఒక్క ఇంగ్లీషు ముక్కా రాలేదు. తెరిచిన నోరు మెల్లగా మూసుకుంది.

“గెలిస్తే గమ్మునుంటారు అవ్వా,” అనింది మునీశ్వరి.