సుంకప్ప చూసిన నాడి

సొంత తమ్ముడే అయినా, మాదన్నంత స్వార్థపరుడు ఎమ్మిగనూరులోనే లేడని సుంకప్ప కోపం. ఉమ్మడి పత్తిచేను అమ్మించి, తన వాటాతో ఆదోనిలో అంగడి పెట్టాలని వాడి ఆశ. ఇప్పుడు అమ్మ వైద్యం ఖర్చు వాడికి సాకుగా దొరికింది.

ఆ ఉదయం మగ్గం గుంతలోంచి లేచి సుంకప్ప తల్లి లింగమ్మ మంచం దగ్గరికి వచ్చాడు. మాదన్న భార్య తులసమ్మ అత్త మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి కూర్చుంది. ఆదోని ఆసుపత్రి నుంచి ముసలామెను ఇంటికి పంపేటప్పుడు నర్సు జొహరాబీ తులసమ్మకు నాడి చూడడం నేర్పింది. నాడి సన్నబడినా, నడుమ తప్పినా వెంటనే తీసుకురమ్మంది.

"బావా, నాడి పోగు మాదిరి సన్నగా అయిపోయింది. తప్పుతాంది గూడ. ఈ పొద్దే ఆదోనికి పోవాల."

"జరుగమ్మా, పెద్ద నర్సమ్మవైనావు!"

పోగులు ముడివేసి కాయలు కాసిన అతని వేళ్లకు ఏమీ తగల్లేదు. బొటనవేలు పెట్టి నొక్కాడు. గట్టిగా కొట్టింది.

"ఇదో, గుర్రం మాదిరి పోతాంటే! మీ ఆయనకు అంగడి కావాలంటే నేరుగా సెప్పమను. అమ్మ పేరు సెప్పి సేను అమ్మించొద్దు."

గడపలో నిలబడ్డ మాదన్న లోపలికి వచ్చాడు. "నాకేం వద్దన్నా. నా వాటా అంతా అమ్మకే పెట్టు."

"నాటకాలు సాలించురా!"

తర్వాతి ఉదయాల్లోనూ తులసమ్మ అదే చెప్పింది, సుంకప్ప బొటనవేలితో అదే జవాబిచ్చాడు. చివరికి తల్లి పెదవులు నల్లబడి, పిలిచినా పలకకపోతే బెదిరిపోయాడు. కొనేవాడు అడిగిన ధరకే చేను అమ్మేసి ఆమెను ఆదోనికి చేర్చాడు.

"ఇన్నాళ్లు ఏం చేసినారప్పా?" అంది జొహరాబీ. సాయంత్రానికి డాక్టరు తల అడ్డంగా ఊపాడు.

సుంకప్ప ఒప్పుకోలేదు. తల్లి చేయి పట్టుకొని అరిచాడు. "యాడ పోయింది? కొడుతాంది సూడు నర్సమ్మా!"

జొహరాబీ అతని బొటనవేలు వైపు చూసింది. మెల్లగా దాన్ని ఎత్తి మంచం ఇనుపకడ్డీకి అదిమింది. కడ్డీలోనూ నాడి కొట్టింది.

"బొటనవేలితో చూస్తే తగిలేది నీ నాడే నాయనా."

సుంకప్ప అక్కడే కూలబడ్డాడు. "నేనే సంపుకున్యా మాదన్నా..."

"అట్ల అనొద్దన్నా. అమ్మ బతకాలనే గదా పట్టుకున్యావు." తమ్ముడు అన్న తలను కడుపుకు హత్తుకున్నాడు. ఇద్దరూ చిన్నపిల్లల్లా ఏడ్చారు.

చేను పోయిందని సుంకప్ప మళ్లీ ఎవరినీ తిట్టలేదు. ముందే పోనియ్యలేదే అని మాత్రం బతికినన్నాళ్లూ కుమిలాడు. ఆ చేనంతా కలిపి మూడెకరాల ఇరవై సెంట్లు.