పెళ్లిచూపుల ముందు శని

ఇన్ని నెలలుగా గోడ దూకి వస్తున్నవి గిరీష్ చూపులే తప్ప గిరీష్ కాదని దేవిశ్రీకి ఒళ్లు మండిపోతోంది. బచేలీ ఇనుపగనుల కాలనీలో ఇద్దరివీ పక్కపక్క క్వార్టర్లు. పెరళ్ల మధ్య నడుమెత్తు గోడ. రేపు ఆమెను చూసుకోవడానికి విజయనగరం నుంచి పెళ్లివారు వస్తున్నారు. ఈ మహానుభావుడేమో పొద్దుగూకగానే తన టెలిస్కోప్ మీద పడ్డ ఎర్రదుమ్ము తుడుస్తూ కూర్చున్నాడు.

“రేపు నాకు పెళ్లిచూపులు,” అంది గోడ ఇవతల నుంచి.

“విన్నాను. కంగ్రాట్స్.” మొహం గొట్టం వెనక దాచుకున్నాడు. “ఇటు రా, మంచిదొకటి చూపిస్తా.”

ఆ గొట్టంలోనే దూరి ఉండిపో అనబోయింది. కానీ చున్నీ నడుముకు చుట్టి, గోడెక్కి దిగి, కన్ను పెట్టింది. చీకట్లో పిసరంత పసుపు చుక్క, చుట్టూ సన్నని వలయం. ఒళ్లు ఝల్లుమంది. అది చుక్క వల్లో, చెవి పక్కన అతని ఊపిరి వల్లో తేల్చుకోలేకపోయింది.

“ఏటి సూపిస్తన్నావురా మా గుంటకి?” గోడ మీద మోచేతులానించి దేవిశ్రీ మామ్మ అప్పలకొండమ్మ నిలబడి ఉంది.

“శాటర్న్ మామ్మగారూ. అదే, శనిగ్రహం.”

మామ్మ బుగ్గలు నొక్కుకుంది. “రేపు పెళ్లిసూపులెట్టుకుని పిల్లకి శనిని సూపించీసినావా? ఇంకే సుక్కా దొరకనేదా నీకు?”

దేవిశ్రీకి చటుక్కున దారి దొరికింది.

“అవును మామ్మా, శని చూపు పడ్డాక శుభకార్యం పెట్టుకోకూడదు కదా. నాన్నతో చెప్పి వాళ్లని ఆపించవూ?”

“అదంతా బక్వాస్,” అన్నాడు గిరీష్. “అదో గ్యాస్ ముద్ద మామ్మగారూ. దానికి దేవిశ్రీ పెళ్లితో ఏం పని?”

దేవిశ్రీ అతని కాలు తొక్కింది. “సారీ, అడ్డమొచ్చానా?” అన్నాడు. ఇంకా గట్టిగా తొక్కి గొంతు తగ్గించింది. “నీ మాట నిజమైతే రేపు వాళ్లొస్తారు. ఆలోచించుకో.”

గిరీష్ ఆకాశం వంక చూశాడు. ఆమె వంక చూశాడు. కాలేజీ డిబేట్‌లో జాతకాలని చీల్చి చెండాడి కప్పు కొట్టినవాడు. మామ్మ వైపు తిరిగాడు.

“శని చూపు తగులుతుంది మామ్మగారూ. చాలా గట్టిగా తగులుతుంది. ఎవరినీ రానివ్వకండి.”

“ఎవుల్నీనా?”

“అంటే... బయటివాళ్లని.”

మామ్మ అతని మొహం చూసింది. మనవరాలి పాదం కింద నలుగుతున్న కాలు చూసింది. నవ్వు పెదాల కిందే నొక్కిపెట్టింది.

“మరి నువ్వూ సూసినావు గదరా శనిని?”

“రోజూ చూస్తాను.”

“అయితే నీకు మాత్రం పిల్లనెవులిస్తార్రా? శని పట్టినోడికి శని పట్టిన గుంటే దిక్కు. రేపు మీ యమ్మని మా ఇంటికి రమ్మను. ఇజినారం ఫోను సేసి వద్దని సెప్పమని మావోడికి నాను సెప్తాను.”

దేవిశ్రీ తల వంచుకుంది, సిగ్గుతో కాదు, నవ్వు ఆపుకోలేక.

“ఆ గొట్టం ఇటు తే. నానూ సూస్తాను.”

“నీకూ పట్టుకుంటుందేమో మామ్మా.”

“మీ తాతని సేసుకున్నదాన్ని. ఇంక కొత్తగా పట్టేదేటుందే?”

గిరీష్ టెలిస్కోప్‌ని గోడ దగ్గరికి తెచ్చి గురి కుదిర్చాడు. మామ్మ కన్ను పెట్టి చాలాసేపు కదల్లేదు.

“ఇంత సక్కగున్నాడేట్రా ఈడు,” అంది చివరికి. “ఊరికే తిట్టీసినాం, పాపం.”