గాజు గదిలో మూడో మాట

"మధ్యాహ్నం సభలో ఒకావిడ బతకాలా చావాలా అన్నది ఒక ఇంగ్లీషు క్రియ మీద ఆధారపడి ఉందిరా," అన్నాడు మావయ్య.

దుబాసీ నవ్వాడు. మావయ్య నవ్వలేదు. గూఢచారి డిపార్ట్‌మెంట్ అంతా తమ చీఫ్‌ని మావయ్య అనే పిలుస్తుంది గానీ, దుబాసీకి మాత్రం ఆయన సొంత మేనమామ. పిల్లనిస్తానని ఊరించి చివరికి డాక్టరు సంబంధం చూసుకున్నాడు. ఆ లోటు తీర్చడానికా అన్నట్టు, ప్రాణం మీదికి వచ్చే అసైన్‌మెంట్లన్నీ మేనల్లుడికే ఇస్తుంటాడు.

"దేశదేశాల ప్రతినిధుల ముందు జడ్జమ్మగారు తీర్పు చదువుతారు. పూర్తిగా చదివారంటే ఆయుధాల ముఠాకి ఏ రేవులోనూ ఓడ నిలవదు. అందుకే చదవనివ్వరు. షూటర్ ఇప్పటికే సీటు సంపాదించాడు."

"ఎవడు?"

"తెలిస్తే నిన్నెందుకు పిలుస్తాను?"

"సభ వాయిదా వేస్తే?"

"ఆవిడ ఒప్పుకోరు. ఇవాళ తప్పిస్తే వాడు రేపు ఇంకోచోట కాలుస్తాడు. వాణ్ణి పట్టుకోవాలి."

మావయ్య గబగబా మిగతాది చెప్పాడు. హాల్లోకి ఫోన్లు రానివ్వరు. జామర్ ఉంటుంది. బయటి మాట లోపలి మనిషికి చేరాలంటే ఒకటే దారి, అప్పటికప్పుడు తర్జుమా చేసే దుబాసీల గొంతు వినిపించే హెడ్‌ఫోన్. తీర్పులో "విత్‌స్టాండ్" అనే క్రియ ఒక్కసారే వస్తుంది, ప్రతి బెదిరింపునీ ఎదుర్కొంటాం అనే అర్థంలో. ఆ వెంటనే ముఠా పెద్దల పేర్లు. ఆ క్రియని టర్కిష్‌లో "కర్షి కోయ్మక్" అనవచ్చు, "దిరెన్మెక్" అనీ అనవచ్చు. షూటర్‌కి ఆ భాష రాదు. ఈ రెండు మాటలే బట్టీ పట్టాడు. ఒకటి వినబడితే కాల్చాలి. ఇంకోటి వినబడితే నోరు మూసుకుని బయటికి నడవాలి.

"ఏది ఏదో?"

"నెమలి అనే మన ఏజెంటుకి తెలుసు. టర్కిష్ బూత్‌లో నీ పక్క కుర్చీ ఆవిడదే. ఆవిడ మన దగ్గరా జీతం తీసుకుంటుంది, వాళ్ల దగ్గరా తీసుకుంటుంది."

"ఎవరి దగ్గర ఎక్కువ?"

"అదే నాకూ తెలీదు," అంటూ మావయ్య ఒక పెన్ను ఇచ్చాడు. "మీట నొక్కితే ఎర్రచుక్క పడుతుంది. హాల్లో మంచినీళ్లు అందించేవాళ్లు మనవాళ్లే. చుక్క ఎవడి మీద పడితే వాణ్ణి పట్టేస్తారు. జాగ్రత్తరా. మీ అమ్మకి నేను సమాధానం చెప్పుకోలేను."

హాలు వెనక, ఎత్తులో వరసగా గాజు గదులు. మెట్ల దగ్గర జడ్జమ్మ ఎదురయ్యారు. దుబాసీని మామూలు దుబాసీ అనే అనుకున్నారు.

"బాబూ, నేను కాస్త గబగబా చదువుతాను. వెనకబడిపోకు," అన్నారు నవ్వుతూ.

ఆ నవ్వు చూశాక దుబాసీకి మొదటిసారి భయం వేసింది.

బూత్‌లో నెమలి అప్పటికే కూర్చుంది. నల్ల సిల్కు గౌను, చెవులకి పచ్చలు, గది నిండా సెంటు. ఆ గదిలో ఒకే మైకు, దాని పక్కనే దగ్గు మీట. మాట్లాడుతూ దగ్గు వస్తే ఆ మీట నొక్కి పట్టుకోవాలి, అంతసేపూ బయటికి ఏమీ వినబడదు.

నెమలి అతని చెవి దగ్గరికి వంగింది. "దిరెన్మెక్ అంటే కాలుస్తాడు. మీరు కర్షి కోయ్మక్ అనండి, లేచి వెళ్లిపోతాడు. నన్ను నమ్మండి."

నమ్మండి అని అడిగి మరీ నమ్మించేవాళ్లని దుబాసీ ఎన్నడూ నమ్మలేదు.

జడ్జమ్మ చదవడం మొదలుపెట్టారు. దుబాసీ ఆవిడ వెంటే టర్కిష్‌లో పరుగెత్తాడు. ఈ పనిలో ఒక ఆచారం ఉంది. ఒకరు మాట్లాడుతుంటే పక్కవాళ్లు అంకెలూ పేర్లూ కాగితం మీద రాసి ముందుకు జరుపుతారు. ఓడల టన్నులు వచ్చాయి, రేవుల పేర్లు వచ్చాయి. నెమలి పెన్ను ముట్టుకోలేదు. ఆవిడ చూపంతా హాలు మీదే ఉంది. ఇక ఆవిడ జీతం ఎక్కడ ఎక్కువో అతనికి అర్థమైపోయింది. కానీ అబద్ధం ఏ మాట గురించి? రెండూ తిరగేసి చెప్పిందా, లేక తను నమ్మడని తెలిసి నిజమే చెప్పిందా? ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"వి షల్ విత్‌స్టాండ్..." అన్నారు జడ్జమ్మ.

టర్కిష్‌లోనూ మన తెలుగులో లాగే క్రియ వాక్యం చివర వస్తుంది. దుబాసీకి దక్కిన గడువు అంతే. నెమలి గోళ్లు అతని మోచేతిలో దిగాయి.

"...గొయుస్ గెరెజెయిజ్," అన్నాడు దుబాసీ.

రొమ్ము ఒడ్డి నిలబడతాం అని అర్థం. మంచి టర్కిష్. ఆ భాష వచ్చినవాళ్లంతా తలలాడించి వేదికనే చూస్తున్నారు.

నెమలి ఒక్క ఉదుటున మైకు లాక్కుని "కర్షి కోయ్మక్!" అని అరిచింది. అప్పటికే దుబాసీ బొటనవేలు దగ్గు మీట మీద ఉంది. అరుపు గాజు దాటలేదు.

దుబాసీ పని సవ్యంగా సాగుతున్నంతసేపూ ఎవరూ గాజుగది వైపు తిరిగి చూడరు. షూటర్‌కి మాత్రం అటు ఇంగ్లీషు క్రియ వినబడింది, ఇటు తను బట్టీ పట్టిన రెండిట్లో ఒక్కటీ రాలేదు. అందుకే మధ్య వరసలో ఒక ముసలాయన మెడ తిప్పి వెనక్కి చూశాడు. గాజు వెనక నెమలి పెదాలు ఏ మాట అంటున్నాయో పోల్చుకుని, ఒళ్లోని చేతికర్రని మెల్లగా వేదిక వైపు ఎత్తాడు.

ఎర్రచుక్క అతని తెల్లటి కాలరు మీద పడింది. వెనకనుంచి మంచినీళ్ల ట్రే వచ్చి కర్రని కిందికి కొట్టింది. కర్రలోని తూటా చప్పుడు లేకుండా తివాచీలోకి దిగింది. మంచినీళ్లవాళ్లు ముసలాయన్ని చెరో చెయ్యీ పట్టుకుని మర్యాదగా బయటికి నడిపించారు. జడ్జమ్మ ఒక్క క్షణం ఆగి, కళ్లజోడు సర్దుకుని, పేర్లు చదవడం మొదలుపెట్టారు. దుబాసీ దగ్గు మీట వదిలి ఒక చేత్తో నెమలి మణికట్టు అదిమిపట్టి, ఒక్క పేరు కూడా పోనివ్వకుండా చెప్పాడు.

సభ ముగిశాక నెమలిని బేడీలతో వెనక మెట్ల మీదుగా తీసుకెళ్లారు. దుబాసీకి ఎదురుగా సభ మేనేజర్ రుసరుసలాడుతూ వచ్చాడు.

"మీ ఛానల్ వింటున్న పెద్దమనిషి ఒకాయన మధ్యలోనే లేచి వెళ్లిపోయారటండీ. అనువాదం అంత ఘోరంగా ఉందా?"

"ఏం చేస్తామండీ," అన్నాడు దుబాసీ, పెన్ను జేబులో పెట్టుకుంటూ. "ఆయన మరీ శ్రద్ధగా విన్నారు."