ఎనిమిదడుగుల నీరు

"సముద్రం ఎప్పుడైనా చూసుండావా?" అని అడిగాడు చీఫ్ వెంకటరామన్.

విరుదునగర్‌లో మిరపకాయల గోడౌన్. 1936, మే నెల. ఆ ఘాటులో పది నిమిషాలు తుమ్మకుండా కూర్చున్నవాడే సీక్రెట్ సర్వీసుకు పనికొస్తాడని చీఫ్ నమ్మకం. ఏజెంట్ తిరుపతిసామి తుమ్మలేదు.

"లేదు సార్. మాది పుదూరు పక్కన. మాకు బావి నీళ్ళే."

"అయితే సర్కారు ఖర్చుతో తూత్తుకుడి పొయ్యి గాలి తిను." చీఫ్ ఒక ఫోటో విసిరాడు. "కెల్లర్ దొర. గడియారాల వ్యాపారి అంటాడు, శుద్ధ అబద్ధం. ఎల్లుండి తెల్లవారి బాంబులతో మోటారు లాంచి వస్తుంది. హార్బరులో ఆయిల్ ట్యాంకులు లేచిపోతాయి. అది దూరాల్సింది దీవి పక్క రాళ్ళ సందులో. అక్కడ లోతు కొలిచిపెట్టేది మన పుష్పం."

"మన మనిషా సార్?"

"వాళ్ళ మనిషి కూడా. దొరకు తప్పు లోతు చెప్తానని నాకు మాటిచ్చింది. నిజమే చెప్పిందని తేలితే ముగించు. కెల్లర్ జోలికి పోవద్దు, పోతే లాంచి ఇంకో రేవుకు మళ్ళుతుంది."

వేసవి సెలవులంటే మనిషికి ఎక్కడలేని పిచ్చి పుడుతుంది. తూత్తుకుడి ఒడ్డున గుమాస్తాలు పంచెలు ఎగగట్టి అలలతో పరుగులు పెడుతున్నారు. పెళ్ళాలు గవ్వలు ఏరుతున్నారు. పడవ షికారుకు క్యూ, లైట్‌హౌస్ ఎక్కడానికి ఇంకో క్యూ. కెల్లర్ మాత్రం గొడుగు నీడన పడుకున్నాడు. గొడుగు పిడిలో కెమెరా ఉంది. పాపం, పడవెక్కితే దొరవారికి వాంతులు. అందుకే గాలం పట్టుకుని పుష్పం ఒక్కతే వెళ్ళేది. ఆ గాలానికి కొక్కెం లేదు, సీసపు గుండు ఉంది.

కోవిల్‌పట్టి డ్రామా కంపెనీలో రాణి వేషాలు కట్టిన పుష్పం జార్జెట్ చీరలో, నల్ల కళ్ళద్దాలతో నడిచొస్తే గుమాస్తాలు గవ్వలు మరిచిపోయారు. ఆమె తాటిముంజల గంప ముందు ఆగింది. గంప వెనక తిరుపతిసామి.

"లేతవేనా అన్నా?" కోడ్ వర్డ్.

"పొద్దున దించినవే."

"లాంచికి ఏడడుగులు కావల్ల. ఎనిమిది ఉండాదని దొరకు చెప్తిని, నమ్మినాడు," అంది ముంజ తింటూ. "అంతా శరిగా ఉండాదని చీఫుతో చెప్పన్నా."

తిరుపతిసామి చెప్పలేదు. మిట్టమధ్యాహ్నం కట్టుమరం మాట్లాడుకుని రాళ్ళ సందుకు పోయి, తాడుకు రాయి కట్టి వదిలాడు. సరిగ్గా ఎనిమిదడుగులు. మళ్ళీ వదిలాడు. అంతే. పదేళ్ళ వయసు నుంచి బావులు కొలిచిన చెయ్యి అది. 'లోతు నిజమే. గార్డులను పంపండి' అని టెలిగ్రాం కొట్టాడు.

నాలుగింటికి పుష్పం జనంతో పాటు సముద్రస్నానానికి దిగింది. వెనకే అతనూ దిగాడు.

"నేను కొలిస్తిని. ఎనిమిదే."

ఆమె ముఖం పాలిపోయింది. "ఎన్ని గంటలకు కొలిస్తివన్నా?"

లోతుకు గంటలేమిటి? కాలయాపన చేస్తోందనుకున్నాడు. తర్వాతి అల వచ్చినప్పుడు ఆమె తల మీద చెయ్యి పెట్టి నొక్కాడు. చుట్టూ యాభై మంది ఉన్నారు. అన్నాచెల్లెళ్ళు ఆడుకుంటున్నారని ఒకావిడ నవ్వింది కూడా. నాలుగు అలలు పట్టింది. మనిషి ప్రాణం అంత గట్టిది, అంత చవక.

తెల్లవారింది. గార్డులు రాలేదు. ఒడ్డున తిరుపతిసామి, రివాల్వర్‌లో ఆరు గుళ్ళు. లాంచి ఫుల్ స్పీడుతో సందులోకి దూరింది. ఇక అయిపోయిందనుకున్న క్షణంలో అడుగు రాతికి తగిలి, లాంచి నిలువునా చీలిపోయింది. బాంబులన్నీ అక్కడే పేలాయి. పారిపోబోయిన కెల్లర్‌కు తిరుపతిసామే బేడీలు వేశాడు.

పక్కన వల ఆరేస్తున్న ముసలి జాలరి తమిళంలో గొణిగాడు. "ఇది ఆటు వేళ. ఆరడుగులు కూడా ఉండదు. మధ్యాహ్నం పోటులో అయితే ఎనిమిది. గుడ్డివాడికైనా తెలుసు."

బావుల దేశంలో తెలియదు. అక్కడ నీరు ఒకే పూటలో పెరిగి తగ్గదు. తిరుపతిసామి కెల్లర్ నోటుబుక్కు లాగి చూశాడు. చివరి పేజీలో ఉంది: 'ఎనిమిది అడుగులు. ఆటులో కొలిచింది పుష్పం.' ఆమె అబద్ధం లోతులో లేదు, వేళలో ఉంది.

అతను ఇసుకలో కూలబడ్డాడు. ఏడ్చాడు. ఏడిస్తే ఎవరికి లాభం?

మర్నాడు కోవిల్‌పట్టి స్టేషన్‌లో రైలు కిటికీలోంచి చీఫ్ నోటుబుక్కు అందుకుని చదివాడు.

"ఆయమ్మ మాట తప్పలేదు సార్. నేనే..."

"స్నానంలో ప్రమాదమని రిపోర్టు రాసేసినా. మెడల్‌కు సిఫారసు కూడా."

"ఆమెకా సార్?"

రైలు కదిలింది. "చచ్చినోళ్ళకు ఇచ్చే రూలు లేదప్పా," అన్నాడు చీఫ్. "నీ పేరే రాసినా."