పాత కాటా దగ్గర ఎవరో తింటున్నారు

ఊరు దాటాక రింగు రోడ్డు మీద లారీలు తూచే పాత కాటా ఒకటుంది. మూతపడి చాలాకాలమైంది. రాత్రిపూట దాని దగ్గర బండి ఆపకూడదని డ్రైవర్లందరూ అంటారు. ఆపేదీ వాళ్లే.

ఏం చేస్తారు మరి... ఆ రోడ్డు పొడుగునా బండి పక్కకి తీసి కాసేపు ఊపిరి పీల్చుకునేంత జాగా అక్కడ తప్ప ఇంకెక్కడా లేదు. నేలలోకి దిగేసిన పెద్ద ఇనుప పలక, అద్దాలు పగిలిన చిన్న గది, ఒక కరెంటు స్తంభం. దాని లైటు కూడా బుద్ధి పుడితే వెలుగుతుంది, లేకపోతే లేదు.

అక్కడ ఇంజను ఆపి కూర్చుంటే — ఎవరో తింటున్న చప్పుడు వస్తుందట.

ఏడుపు కాదు. కేక కాదు. తినడం. నోరు తెరిచి నమలడం, ఎముక జుర్రడం, వేళ్లు ఒక్కొక్కటీ నాక్కోవడం...

కాటా గదిలో పనిచేసిన గుమాస్తా ఒకాయన అన్నం తింటుండగా ఓ లారీ వెనక్కొచ్చి గదిని గుద్దేసిందట. ఆయన పోయాడు గానీ ఆ తిండి ఇంకా పూర్తికాలేదట. ఆ లారీ ఎవరిది, ఏ ఏడాది జరిగింది అని అడిగి చూడండి, ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. తిండి మాత్రం అందరి మాటల్లోనూ ఒకటే.

నేను నవ్వేదాన్ని. దెయ్యానికైనా కాస్త మర్యాద ఉండొద్దూ, నోరు మూసుకుని నమలొచ్చు కదా అనేదాన్ని.

ఆ తర్వాత మా అక్క విన్నది.

అక్క కంపెనీ కారు నడుపుతుంది. రాత్రి షిఫ్టు చేసే ఆడవాళ్లను ఇంటి నుంచి ఆఫీసుకీ, ఆఫీసు నుంచి ఇంటికీ చేర్చే పని. బావ ఓడలో వంటమనిషి, ఏడాదిలో సగం నీళ్ల మీదే. ఇంట్లో అమ్మ, నేను, అక్క, అక్క కూతురు. ఆ పిల్లకి ఇంకా బోర్లా పడటం కూడా సరిగ్గా రాదు. డబ్బాపాలు పట్టామంటే ఒళ్లంతా దద్దుర్లు. అక్క పాలే దానికి దిక్కు.

అందుకే అక్క కాటా దగ్గర ఆగేది. ఒక ట్రిప్పు వాళ్లను దింపేసి, తర్వాతి ట్రిప్పు ఎక్కించుకునే మధ్యలో, సీటు వెనక్కి వాల్చి, మీద శాలువా కప్పుకుని, చేతి పంపుతో పాలు తీసి సీసాలో పట్టుకునేది. ఐసు పెట్టెలో పెట్టి తెల్లారి ఇంటికి తెచ్చేది. తీయకుండా తిరిగితే పాలు గడ్డకట్టి, గుండెలు రాళ్లయిపోయి, జ్వరమొచ్చి పడిపోయేది.

ఈమధ్యే కంపెనీవాళ్లు కార్లన్నిటికీ కెమెరాలు బిగించారు. ముందద్దానికి, మధ్యలో, అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దది. ఒక కన్ను రోడ్డు వైపు, ఇంకో కన్ను లోపలికి. డ్రైవరు ఆవలిస్తే చాలు, "మీకు నిద్ర వస్తోంది, జాగ్రత్త" అని ఓ ఆడగొంతు చెబుతుంది. "మా అత్తగారికన్నా నయమే, ఒక్కసారి చెప్పి ఊరుకుంటుంది" అంది అక్క.

బిగించినరోజు డ్రైవర్లందర్నీ నిలబెట్టి కంట్రోల్ రూము సూపర్‌వైజరు ఒక ఉపన్యాసం ఇచ్చాడట. పెద్దమనిషి తరహా. ఆడ డ్రైవర్లందరూ ఆయన్ని అన్నయ్యా అనే పిలుస్తారు. "ఇది మీమీద నిఘా కాదమ్మా, మీకు కాపలా. ఆపదొస్తే మేం ఇక్కణ్ణించే మాట్లాడతాం. మీరు తాళం తిప్పి ఇంజను ఆపేస్తే ఇదీ పడుకుంటుంది" అన్నాడట. నిజంగానే ఇంజను ఆపగానే దాని పచ్చలైటు ఆరిపోతుంది.

మొదటిసారి విన్న రాత్రి సంగతి అక్క నాకు వంటింట్లో చెప్పింది, అమ్మ నిద్రపోయాక, గొంతు బాగా తగ్గించి.

"సగం సీసా నిండింది. చేయి నొప్పెట్టి పంపు ఆపాను. అప్పుడు... చప్... చప్... అని."

"పంపేమో అక్కా."

"ఆపానంటుంటే. పంపు ఒళ్లో ఉంది."

గదివైపు చూసిందట. ఎవరూ లేరు. వెనకసీటు చూసింది. ఎవరూ లేరు. కిటికీ దింపితే బయట గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. కిటికీ ఎక్కించింది —

చప్... చప్... చప్...

"బయట కాదే. కారులోనే. నా మొహం మీద మొహం పెట్టి తింటున్నట్టు."

సీసాకి మూత బిగిస్తుంటే, సరిగ్గా ఆ క్షణానే, జుర్రుమని ఒక పెద్ద చప్పుడు. ఎముకలో గుజ్జు పీల్చినట్టు. అక్క సీసా వదిలేసింది. పాలన్నీ సీటు మీద. ఇంజను స్టార్టు చేసిందో లేదో ఆ చప్పుడు లేదు. ఇంజను మోతలో మునిగిపోయింది.

"నాకు భయంకన్నా అసహ్యం ఎక్కువేసిందే," అంది అక్క. "ఒళ్లంతా ఎంగిలైనట్టుంది."

స్నానాల గదిలోకి వెళ్లి చాలాసేపు నీళ్లు పోసుకుంటూనే ఉంది.

అమ్మ దగ్గర ఇలాంటివి దాగవు. రెండుమూడు రోజులకే సీసాలు ఖాళీగా రావడం చూసి అడిగింది, అక్క చెప్పేసింది. అమ్మ మొహం నల్లబడింది.

"పాలవాసన పట్టుకునొచ్చింది అది."

"ఏది?" అన్నాను.

"ఏదో ఒకటి. పేరెందుకిప్పుడు."

అమ్మ మాట ఎంత మొరటుగా అనిపించినా, పాలు నిజంగానే తగ్గిపోయాయి. అక్క అక్కడ సీటు వాల్చగానే చెవులు నిక్కబొడుచుకుని కూర్చునేది. భయంతో బిగుసుకుపోయిన ఒంట్లో పాలెలా దిగుతాయి? పిల్ల రాత్రంతా నీళ్లసీసా నోట్లో పెట్టుకుని, అందులో పాలు లేవని తెలిసి, మమ్మల్ని మోసగాళ్లను చూసినట్టు చూసేది. దాని బుగ్గలు దిగిపోవడం నా కళ్లముందే జరిగింది.

"ఆ ఉద్యోగం మానెయ్యి" అంది అమ్మ.

"పగటి డ్యూటీ అడిగానమ్మా. పసిపిల్ల తల్లివి, రాత్రులే నీకు సుఖం, ట్రాఫిక్కుండదు అన్నాడు అన్నయ్య."

అదే కంపెనీలో మగవాళ్ల ట్రిప్పులు తిప్పే ముసలాయన ఒకడున్నాడు. గొంతులో ఎప్పుడూ కంకర తిరుగుతున్నట్టుంటుంది కాబట్టి బొంగురు బాబాయి అంటారు. అక్క ఆయన్ని పట్టుకుంది.

"నేనూ విన్నానమ్మా," అన్నాడట ఆయన చుట్టూ చూసి. "ఆకలిమీద పోయినవాడు. ఏదైనా కాస్త అక్కడ పెట్టి చూడు. ఊరుకుంటాడేమో."

"మీరు పెట్టారా బాబాయ్?"

"నేనా? నేనక్కడ ఆగడం మానేశా. మగాణ్ణి, ఎక్కడైనా ఆగుతా."

మా అక్క, నాకన్నా ఎక్కువ చదివిన మా అక్క, ఆ రాత్రి బన్నుల పొట్లం ఒకటి కొని తీసుకెళ్లింది. కారు ముందు, హెడ్‌లైట్ల వెలుగులో, ఆ ఇనుప పలకమీద కాగితం పరిచి బన్నులు పెట్టింది. ఏమనాలో తెలీక, "తినండి" అందట. వచ్చి కూర్చుంది. ఇంజను ఆపింది.

నమలడం వినపడలేదు. హమ్మయ్య అనుకుంది.

అప్పుడు — నవ్వు.

గట్టి నవ్వు కాదు. నోటినిండా తిండి కుక్కుకున్నవాడికి నవ్వు తన్నుకొస్తే ముక్కులోంచి వచ్చే చప్పుడు... ఆ వెంటనే పొలమారిన దగ్గు.

అక్క ఇంటికొచ్చేసరికి పళ్లు టకటకలాడుతున్నాయి. సీసా కడిగినది కడిగినట్టే ఉంది.

మర్నాడు రాత్రి నేనూ వస్తానన్నాను. కంపెనీ కారులో ఇంటివాళ్లను ఎక్కించుకోకూడదు. అక్క వద్దంది, తర్వాత ఊ అంది. చివరి ఆవిణ్ణి దింపేసి, మా వీధి మలుపులో నన్ను ఎక్కించుకుంది.

కాటా దగ్గర లైటు ఆరోజు వెలుగుతోంది. బన్నులు పెట్టిన కాగితం ఇంకా అక్కడే ఉంది, చీమలు పట్టి నల్లగా. అంటే తిన్నవాడెవడూ లేడు.

అక్క ఇంజను ఆపింది. పచ్చలైటు ఆరింది. ఇంజను లోపల్లోపల టిక్కుటిక్కుమంటూ చల్లారింది. తర్వాత అదీ లేదు.

"పంపు తియ్యనా?" అంది అక్క గుసగుసగా.

"ఆగు."

మా ఇద్దరి ఊపిరి. ఎక్కడో చాలా దూరంలో ఒక లారీ. తర్వాత —

చప్... చప్...

విన్నాను. చెప్పగా విన్నది వేరు, చెవులారా విన్నది వేరు. తడిగా, జిగటగా, నాలుక అంగిట్లో అతుక్కుని ఊడుతున్నట్టు. వేలు నోట్లో పెట్టి బయటికి లాగిన చప్పుడు. తేన్పు. చేత్తో నోరు మూసుకున్నాను.

అక్క నా మోచెయ్యి పట్టుకుంది. "అదే."

ఇక్కడే ఉంది, పారిపోదు కదా అనుకున్నాను. చెవి తలుపుకి ఆనించాను. అక్కడ కాదు. వెనకసీటు వైపు వంగాను. తగ్గింది. ముందుకి వంగాను... పెరిగింది. స్టీరింగు కాదు. పాటల డబ్బా కాదు. సీటు మీద మోకాళ్లేసి, ముందద్దం దాకా మొహం తీసుకెళ్లాను. చప్... చప్... నా ముక్కుకి బెత్తెడు దూరంలో.

కెమెరా.

పచ్చలైటు లేదు. నల్లగా, నిద్రపోతున్నట్టే ఉంది. వేలితో ముట్టుకున్నాను.

వెచ్చగా ఉంది.

నమలడం ఆగింది. ఒక మగగొంతు, నోట్లో ముద్ద ఇంకా ఉండగానే, మెల్లగా —

"ఒరేయ్... ఇటు రండ్రా. ఇవాళ ఇద్దరున్నారు."

కుర్చీలు జరిగిన చప్పుడు. రెండో గొంతు. "జరగరా, కనపడట్లేదు. ఆ మొహమెవరిది?"

"చెల్లెలై ఉంటుంది. అదే ముక్కు."

మూడో గొంతు, విసుగ్గా. "ఇంకా సీసా తియ్యలేదేంటి ఇవాళ?"

శాలువా గుర్తొచ్చింది. అది జారిపోతే ఎవరున్నార్లే అని సర్దుకోని రాత్రులు ఎన్నున్నాయో... బన్నుల దగ్గర వంగి "తినండి" అన్న అక్క గుర్తొచ్చింది. ఆ నవ్వు గుర్తొచ్చింది. ఇంజను ఆపేది ఇక్కడే, నిశ్శబ్దం ఉండేది ఇక్కడే, అందుకే వినపడేదీ ఇక్కడే. కాటా గుమాస్తా, పాపం, ఎవరో ఏమో, ఆయన నోరు ఎప్పుడో చల్లబడింది. ఈ నోళ్లు వేరు.

అక్కకేసి చూడ్డానికి భయమేసింది. చూశాను.

వణకడం లేదు. మొదటి గొంతు ఎవరిదో నాకన్నా ముందే పట్టేసింది. శాలువా మెడదాకా లాక్కుని, సీటు నిటారుగా లేపి, ఆ చిన్న నల్ల కన్నులోకి సూటిగా చూసింది. ఆఫీసు గుమ్మం దగ్గర ఎదురుపడ్డప్పుడు పలకరించేంత నెమ్మదిగా, అంత మర్యాదగా అడిగింది.

"అన్నయ్యా... తిన్నారా?"

అవతల ఏ కుర్చీ కదల్లేదు.

దూరంగా ఎవడో గొణిగాడు. "డబ్బా... మైకు మీట మీద తిండి డబ్బా పెట్టావు కదరా, అది నొక్కుకునే ఉంది..."

ఆ తర్వాత, దగ్గరగా, మా ఇద్దరి మొహాలకీ మధ్యలో అన్నంత దగ్గరగా... నోట్లో ఉన్నదాన్ని నమలకుండా మింగేసిన గుటక ఒకటి వినపడింది.