మిద్దె మీద సిమెంటు

రెండు రోజుల వాన వెలిసింది. పొద్దున్నే పంకజాక్షి కాఫీ గిన్నె దించి మూత తీసిందో లేదో, పైనుంచి నల్లటి నీటిబొట్టు టప్పున అందులో పడింది. దాని వెంటే ఓ తెల్లటి పురుగు.

"థూ! ఇది ఇల్లా, పందుల దొడ్డా?" అంటూ కాఫీ అంతా పెరట్లో పారబోసింది.

ఐరాల ఊళ్ళో ఆ మట్టిమిద్దెను కట్టింది ఆమె మామ ఏకాంబరం. పేరున్న వడ్రంగి. మద్ది మానులను తానే చెక్కి, ఒక్క మేకు కొట్టకుండా దూలాలెక్కించాడు. ఏటా వానలకు ముందు మిద్దె మీద చౌడు మట్టి పోసి తొక్కితే చుక్క నీరు దిగేది కాదు. మూడేళ్ళ కిందట ఆయన కొడుకు, పంకజాక్షి మొగుడు ధనంజయకు గొప్పల పిచ్చి పట్టింది. ఎదురింటివాళ్ళు స్లాబు వేశారని, తాలూకాఫీసు చుట్టూ తిరిగి పర్మిట్టు సిమెంటు తెచ్చి ఆ మట్టి మీదే పోయించాడు. పైన పటారం, లోన లొటారం. సిమెంటు బీటలు వారింది. దిగిన నీళ్ళు ఆరే దారి లేక ఇల్లంతా కుళ్ళు కంపు.

"ఇంక లాభం లేదు నాయనా," అన్నాడు ధనంజయ ముక్కు మూసుకుని. "రేపు మనుషులొస్తారు. పడగొట్టేసి స్లాబు ఏస్తాము. నీ కట్టెలన్నీ పుచ్చిపోయినాయి."

"నా కట్టెలా?"

"కాకుంటే ఎవురివి? పొయ్యిలోకి గూడా పనికిరావు."

ముసలాయన లేచాడు. గడపార, కట్టె చెక్కే బాడిశ తీసుకుని నిచ్చెనెక్కాడు. "వద్దు మామా!" అని పంకజాక్షి అరిచినా ఆగలేదు. ధనంజయ గొణుక్కుంటూ వెనకే ఎక్కాడు.

సిమెంటు పెళ్ళ లేవగానే గుప్పుమన్న కంపుకు ధనంజయ మొహం తిప్పుకున్నాడు. కింద మట్టి పేడలా నల్లబడి, పురుగులతో కదులుతోంది. ఏకాంబరం మోచేతి దాకా చెయ్యి పెట్టి ఆ రొచ్చు తోడేశాడు. దూలాల మీద పరిచిన చిన్న కట్టెలు పిండిలా రాలాయి. అడుగున దూలం తగిలింది. బాడిశతో ఒక్క దెబ్బ వేశాడు. నల్లటి పెచ్చు ఎగిరిపోయి, లోపలి కట్టె నిన్న చెక్కినట్టు బయటపడింది.

"సూడరా. కుళ్ళింది నా దూలమా?"

ధనంజయ తల దించుకున్నాడు. "తప్పు నాదే నాయనా. తెలీక చేసినాను."

"నీకు తెలీదు. నాకు తెలుసు గదరా!" ముసలాయన రొచ్చు చేతులతోనే తల కొట్టుకున్నాడు. "మట్టికి గాలాడకుంటే కట్టె సస్తాదని ఊరందరికీ సెప్పినోణ్ని. నువ్వు సిమెంటు పోయిస్తా ఉంటే అరుగు మీద కూసోని బీడీ కాల్సుకుంటా ఉండినాను. నలుగుర్లో కొడుకుతో మాట పడలేక నోరు మూసుకోనుండినాను. ఈ కంపు కంటే నా మింద నాకే అసయ్యంగా ఉండాదిరా."

ధనంజయకు ఆ రోజు గుర్తొచ్చింది. నాయన ఏదో చెప్పబోయాడు. మేస్త్రీ ముందు తనే, "నీకేం తెలుసు, ఊరకుండు" అన్నాడు. ఆ మాట ఇప్పుడు పురుగుల కంటే రోతగా తోచింది. కళ్ళు నిండాయి. చొక్కా విప్పి రొచ్చులోకి చేతులు పెట్టాడు.

"రేపొచ్చే మనుషుల్ని చౌడు మొయ్యమంటా నాయనా. ఎంత మందం పొయ్యల్లో నువ్వే సెప్పు."

ఏకాంబరం భుజంతో కళ్ళు తుడుచుకున్నాడు.

"సెప్తాను. ఈసారి నువ్వు ఊరకుండమన్నా సెప్తాను."