రాజాం రికార్డింగులో జారిపోయిన శాంపిల్స్

"పొద్దు గుంకగానే సిగ్నల్ వస్తాది. సిగ్నల్ వస్తే బాంబున్న డ్రోన్ లెగుస్తాది. లెగిసిందంటే తీరంలో ఆయిల్ ట్యాంకులుండవు, పక్క ఊరూ ఉండదు. ట్రాన్స్‌మిటర్ ఎక్కడున్నాదో తేల్చు," అన్నాడు చీఫ్ రంగనాథం ఇయర్‌పీస్‌లో.

ఏజెంట్ ఉపేంద్ర రాజాం లాడ్జిలో విత్తనాల కంపెనీవాడి వేషంలో ఉన్నాడు. విదేశీ ముఠా పంపిన టెస్ట్ సిగ్నల్‌ని మూడు రేడియోలు రికార్డు చేశాయి. ఒకటి అతని లాప్‌టాప్‌కి తగిలించింది, మిగతావి పాతపట్నంలో, శ్రీముఖలింగంలో. ఎక్కడ ఎంత ముందు వినబడిందో చూస్తే చోటు తెలిసిపోతుంది.

"రాజాంలోనే సార్. కల్యాణమండపం."

కమాండోలు తలుపులు బద్దలుకొట్టారు. కాసేపటికి చీఫ్ మళ్లీ లైన్లోకొచ్చాడు.

"ఏటిది ఉపేంద్రా? నిజంగానే పెళ్లి అవుతన్నాది! మనోళ్లని మగపెళ్లివారనుకొని కాఫీలిస్తన్నారు!"

లాడ్జి గదిలో ఉపేంద్ర పక్కనే ఉన్న దీపిక పట్టుచీరలో, నల్లకళ్లద్దాల్లో లాప్‌టాప్ మీదికి వంగింది. ముఠాలో ఉంటూ మనకి పనిచేసే డబుల్ ఏజెంట్. ట్రాన్స్‌మిటర్ చోటు మాత్రం ముఠా ఆమెకీ చెప్పలేదు.

"నీ రికార్డింగ్ ఇంత నున్నగా ఉన్నాదేటి? శాంపిల్స్, అదే సిగ్నల్ ముక్కలు, ఎక్కడా జారిపోలేదా?"

ఉపేంద్ర చెవులు ఎర్రబడ్డాయి. "జారాయి."

"మరి ఖాళీలేవి?"

"ఖాళీలు తీసీసి ముక్కలు అతికీసాను. సూసినోళ్లకి బాగుండాలి గదా."

"సుట్టాలొస్తే సిరిగిన సోఫా మీద దుప్పటి కప్పినట్టా? ఖాళీల్లో సున్నాలుండాలి. అతికితే ఎనకాలున్నదంతా ముందుకి జరిగిపోతాది. సిగ్నల్ ముందే వచ్చినట్టు, నీ పక్కింట్లోంచే వచ్చినట్టు కనబడతాది. ఇంతకీ ఎందుకు జారాయి?"

ఉపేంద్ర ఫ్యాను వంక చూశాడు. "ఆఫీసు లాప్‌టాప్ ఊరికే ఉన్నాది గదాని... రికార్డవుతుండగానే బావమరిది పెళ్లి వీడియో కాపీ పెట్టాను. రెండు పన్లూ మొయ్యలేకపోనాది."

"మైకు ఆన్‌లో ఉన్నాది, బాబూ," అన్నాడు చీఫ్.

భూమి చీలితే బాగుండుననిపించింది ఉపేంద్రకి. లాడ్జిలో అది రెండో అంతస్తు.

"అసలు ఫైలున్నాదా?" అంది దీపిక.

"రీసైకిల్ బిన్‌లో."

"తియ్యి. ముక్కముక్కకీ రేడియో టైము కొట్టుంటాది. ఎక్కడ ఎంత జారిందో అంత సున్నా నింపు."

నింపాడు. మ్యాపు మీద చుక్క కల్యాణమండపం వదిలి పాతపట్నం రోడ్డులో మూతపడ్డ రైసుమిల్లు మీద ఆగింది. కమాండోలు చేతిలో కాఫీలతోనే వ్యానెక్కారు. పొద్దు గుంకుతోంది. మిల్లులో ముఠా నాయకుడు బటన్ మీద వేలు ఉంచగానే నొక్కేలోపు ఆ చేతి మీద బేడీ పడింది, కమాండో కాఫీతో సహా.

"శభాష్," అన్నాడు చీఫ్. ఉపేంద్ర ఊపిరి పీల్చుకున్నాడు.

"ఒరే ఉపేంద్రా, కిందటేడు నువ్వంపిన రికార్డింగులూ ఇలాగే నున్నగా ఉన్నాయి గదరా?"

ఉపేంద్ర నోరు తెరిచాడు. మాట రాలేదు.

దీపిక మైకు దగ్గరికి లాక్కుంది. "సార్, ఈ ఖాళీలో ఒక సున్నా పెట్టుకోండి."